కట్ అన్నా లేవని శవాలు

నాగేంద్రమ్మ చచ్చిపోతుంటే ఆమె కాళ్ల కిందే పదహారుమందిమి కళ్లు మూసుకుని పడుకున్నాం.

ఢిల్లీ పక్కన ఘజియాబాద్‌లో సగం కట్టి వదిలేసిన అపార్ట్‌మెంటు అది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి పట్టపగలే రాత్రి చేశారు. జనం వెర్రెత్తి చూసిన ఒక దెయ్యం సినిమాకు రెండో భాగం తీస్తున్నారు. నాగేంద్రమ్మ దెయ్యం, మేము శవాలం. డైరెక్టరు కట్ అనేదాకా శవం కదలకూడదు. కదిలితే మర్నాడు పిలుపుండదు.

ఆమె నడుముకు పట్టీ బిగించి తాడుతో పైకి లాగారు. పట్టీ తెగింది. తాడు మెడకు చుట్టుకుంది. ఆమె గొంతులో గురక విన్నాను. మడమలు గోడకు కొట్టుకోవడం విన్నాను. "అద్భుతం, ఇంకా, ఇంకా" అంటున్నాడు డైరెక్టరు రంగనాథ్. నాకు ఇంట్లో పది నెలల పాప గుర్తొచ్చింది. కదల్లేదు. అతను కట్ అన్నాక లేచి చూస్తే నాగేంద్రమ్మ నాలుక బయటికొచ్చి ఉంది.

మూడోరోజు మమ్మల్ని తెచ్చే కాంట్రాక్టరు మాణిక్యం వరసలో నిలబెట్టాడు. సినిమా ఎలా తీశారో చూపించే మేకింగ్ వీడియో ఒకటి తీస్తున్నారు. ఆ కెమెరా నిరంజన్ అనే కుర్రాడిది. కట్ అన్నాక కూడా అది తిరుగుతూనే ఉండాలని రంగనాథ్ హుకుం.

"ఈ కెమెరాకు ఒక్క ముక్క చెప్పండమ్మా," అన్నాడు మాణిక్యం. "రోజూ ఇక్కడ అడుగుల చప్పుడు వినిపించేది, దెయ్యమే తీసుకుపోయిందీ అనండి. మొదటి భాగంలోనూ ఒకడు పోయాడు. శాపం అంటే జనం ఎగబడి చూస్తారు."

"పట్టీ సిరిగిపోయిందని ముందురోజే సెప్పేం గదా బాబూ," అంది మా వరసలోంచి సుభద్ర. "దెయ్యానికి పట్టీ కట్టింది నువ్వు గాదేటి?"

మాణిక్యం లాగి కొట్టాడు. సుభద్ర పెదవి చిట్లింది.

రంగు కడుక్కునే గదిలో మాలో మాకు గొడవ మొదలైంది. ఠాణాకు పోదామంది హారిక. "పోతే మన మాట రాసుకుంటారా, వాళ్ల మాట రాసుకుంటారా?" అంది వైశాలి.

"చంటిపిల్ల తల్లిని. నన్నొదిలేయండి," అన్నాను నేను.

"నాగేంద్రమ్మకీ ఉన్నాడు కొడుకు," అంది సుభద్ర, నెత్తురు ఉమ్మి. "ఆడికి రేపు మీ అమ్మని దెయ్యం తినేసిందని సూపిస్తారు. ఆవేళ కదలకండా పడుకున్నాం. ఇయ్యేళా పడుకుందాం. ఆళ్లు లెగమన్నా సరే."

షాట్‌కు పిలిచారు. నేనే ముందు వెళ్లి నా చోట పడుకున్నాను.

షాట్ అయింది. "కట్." ఎవరూ లేవలేదు.

"లేవండమ్మా, చాయ్ వచ్చింది," అని నవ్వాడు మాణిక్యం. తర్వాత నవ్వలేదు. బౌన్సర్లు వచ్చారు. "ఉఠో, ఉఠో" అంటూ కర్రలతో బాదారు. హారికను జుట్టు పట్టి ఈడ్చారు. నా వేళ్ల మీద బూటు పడింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. కళ్లు తెరవలేదు.

పడుకునే చెప్పింది సుభద్ర. "నాగేంద్రమ్మని సిరిగిపోయిన పట్టీ సంపింది."

"పట్టీ మార్చనివాళ్లు చంపారు," అంది వైశాలి.

"ఆమె కొట్టుకుంటుంటే ఇంకా ఇంకా అన్నవాడు చంపాడు," అన్నాను. "విని కూడా నేను లేవలేదు."

శవం తర్వాత శవం చెప్పింది.

"ఆ కెమెరా ఆపరా," అని అరిచాడు రంగనాథ్.

"మేకింగ్‌కి కట్ లేదన్నారు కద సార్," అన్నాడు నిరంజన్. "ఆ రోజు కూడా ఆపలేదు. ఆమె చావంతా ఉంది నా దగ్గర." కర్ర వాడి నెత్తిన పడేలోపు కెమెరాలో కార్డు తీసి లైట్‌మన్ కనకయ్య చేతిలో పెట్టాడని తర్వాత తెలిసింది. కనకయ్య మెట్లు దిగి పరిగెత్తిన చప్పుడు మాత్రం విన్నాను.

వాళ్లు పిలిపించిన పోలీసులు ఒక్కో శవాన్ని నలుగురు చొప్పున మోసి వ్యాన్లో పడేశారు. వ్యాన్ కదిలి వెంటనే ఆగింది. పాప ఏడుస్తోందేమో అనుకుంటూ అప్పుడు కళ్లు తెరిచాను.

గేటు బయట కనకయ్య, మిగతా లైట్‌మెన్‌లు, వడ్రంగులు, వంటవాళ్లు ఒకరి పక్కన ఒకరు రోడ్డుకడ్డంగా పడుకుంటున్నారు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఒక్కరూ కదల్లేదు.