గవర్రాజు విప్పిన గేరుబాక్సు

“నా ఎదరే ఇప్పు బావా. నానిక్కడ్నుంచి కదల్ను.”

“ఇప్పుతన్నాను కదేటి. పోలీసోడిలాగ మీద పడిపోకు, గాలాడట్లేదు.”

ఎల్లారావు కదల్లేదు. నిన్న ఓడలు తిరిగే దారిలో అతని బోటు మోటారు గుర్రుమంటూనే ఉంది గాని బోటు ముందుకు పోలేదు. సరుకు ఓడ పక్కనుంచి పోతుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. పోయిన నెల గేర్లు మార్చింది ఈ గవర్రాజే. సొంత చెల్లెలి మొగుడు. కొత్త గేర్లు కాజేసి పాతవే బిగించాడని ఎల్లారావు అనుమానం. అదే నిజమైతే ఈ రోజే పుట్టింటికి తీసుకుపోతాను, బట్టలు సర్దుకోమని చెల్లెలు గౌరీశ్వరికి ఫోను చేసి మరీ ఫిషింగ్ హార్బరులోని బావ రిపేరు షెడ్డుకు వచ్చాడు.

బోటు నుంచి దింపి స్టాండుకు తగిలించిన మోటారులో గవర్రాజు గేరు కడ్డీ జాయింటు ఊడదీశాడు. పక్క బోల్టులన్నీ తీశాడు. అయినా కింది గేరుబాక్సు మోటారును వదల్లేదు.

“రాదేటి? రానీకుండా నువ్వే ఏదో సేత్తన్నావా?”

గవర్రాజు నీళ్ళను తోసే పంకాకు పైనున్న చిన్న రెక్కను విప్పాడు. దాని చాటున ఇంకో బోల్టు ఉంది. అది తీసి రబ్బరు సుత్తితో తట్టగానే, గేరుబాక్సు పొడవాటి ఇరుసుతో సహా అతని చేతుల్లోకి జారింది.

“ఈ బోల్టు సంగతి ముందే సెప్పలేదేం?”

“అడిగినావేటి?”

బల్ల మీద పెట్టి అడుగు స్క్రూ తీశాడు. ఆయిలు మజ్జిగలా తెల్లగా కారింది. గవర్రాజు చెయ్యి ఆగిపోయింది. దొరికిపోయాడు, అనుకున్నాడు ఎల్లారావు.

“లోపలికి నీల్లెల్లిపోనాయి. నీల్లాపే సీలు కొత్తదే ఏసినాను మరి.”

“గేర్లూ కొత్తవే ఏసినావా?”

గవర్రాజు పంకా లాగి, మూత తీసి చూపించాడు. ఎల్లారావు కొని తెచ్చిన గేర్లే, కంపెనీ గుర్తుతో సహా. పళ్ళు మాత్రం తుప్పుపట్టి, అంచులు రాలిపోయాయి.

పంకా వెనక ఇరుసుకు బిగుసుకున్న నల్ల నైలాన్ తాడును గవర్రాజు పటకారుతో లాగాడు.

“దిష్టితాడు! ఇదే సీలుని కోసీసింది. అందరూ మోటారు పైమూతకి కడతారు. ఇంత అడుక్కి ఎవులు కట్టినారు?”

ఎల్లారావు ఒకడుగు వెనక్కేశాడు. “నానే... నీకు కనపడకుండా.”

“నాకా?” గవర్రాజు తాడు వైపు, బావమరిది వైపు చూశాడు. “అంటే నా దిష్టికేనేటి!”

అంతలో ఎల్లారావు ఫోను మోగింది. గౌరీశ్వరి గొంతు షెడ్డంతా వినబడింది. “అన్నా, ఏటి తేలింది? సంచి సర్దీసినాను. రమ్మంతావా, ఉండమంతావా?”

“ఉండమ్మా, ఉండు. తప్పు నాదే. మద్దేనం నానూ బోయినానికి వత్తన్నాను.”

గవర్రాజు తలెత్తకుండానే ఫోనులోకి వినబడేలా అన్నాడు. “మీ అన్నని కంచానికో తాడు కట్టుకోమను, గౌరీ. పక్కన నాను కూకుంతాను కదా!”