ఒక్క పాసు మీద ఇద్దరు

ఆ ఇంటి తోడికోడళ్ళిద్దరికీ కలిపి ఒక్కటే ఉద్యోగం. బొగ్గు కరెంటు ప్లాంటులో, బూడిద షెడ్డులో బస్తాలు నింపే కాంట్రాక్టు పని. పాసు పెద్దకోడలి పేరు మీద ఉంది. ఆవిడ ఒకరోజు వెళ్తే మర్నాడు చిన్నకోడలు అదే పాసు మెళ్ళో వేసుకుని, అదే పేరుకి పలుకుతూ వెళ్ళేది. ఇంట్లో మిగిలినావిడ పిల్లల్నీ, మంచాన పడ్డ అత్తగారినీ చూసుకునేది. మేస్త్రీకి సంగతి తెలుసు. తెలిసినా అతనికి కావలసింది బస్తాలు గానీ మొహాలు కాదు. అయినా ఆ షెడ్డులో కాసేపు నిలబడ్డాక కన్నతల్లి కూడా ఎవరు ఎవరో పోల్చుకోలేదు. పాసు మీది ఫొటో సైతం ఎప్పుడో బూడిదరంగుకి తిరిగిపోయింది.

ఇప్పుడు ప్లాంటు మూసేస్తున్నారు. పొగ పోతుంది, గాలి బాగుపడుతుంది, పక్క మైదానంలో సోలార్ పలకలు లేస్తాయి. మంచి పనే, కాదంటే కళ్ళు పోతాయి. పనివాళ్ళకి అన్యాయం జరక్కూడదని ఒక నిధి కూడా పెట్టారు. ఊపిరితిత్తులు బాగున్నవాళ్ళకి సోలార్ ప్లాంటులో శిక్షణ, ఉద్యోగం. పాడైనవాళ్ళకి బతికినంతకాలం వైద్యం, నెలనెలా భత్యం. ఆ ఖర్చు పాత కంపెనీ భరించాలి; జబ్బు బూడిద వల్ల వచ్చిందో కాదో ఒక కమిటీ తేలుస్తుంది. పెద్దలు తలలు పగలగొట్టుకుని రాసిన విధానం అది. ఒక్క పేరుకి రెండు గుండెలుండొచ్చన్న సంగతి మాత్రం అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు.

పెద్దకోడలికి దగ్గు. మాట్లాడితే దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. చిన్నకోడలు దుక్కలా ఉంది.

"పరీక్షకి నువ్వే వెళ్ళవే," అంది పెద్దావిడ, ఊపిరితిత్తుల పరీక్షకి రమ్మని పిలుపు రాగానే. "నేను వెళ్తే నాకు మందులొస్తాయి, ఆ కాస్త భత్యంతో మీకందరికీ పస్తులొస్తాయి. నువ్వెళ్తే ఇల్లు గడుస్తుంది."

"మరి నీ సంగతేంటక్కా?"

"నా దగ్గుతో నేను సర్దుకుంటాలే. ఇన్నాళ్ళూ సర్దుకోలేదూ?"

చిన్నకోడలు పాసు తీసి మెళ్ళో వేసుకుంది. ఆమెకి ఆ ఉద్యోగం కావాలి, ప్రాణం పెట్టి కావాలి. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు కూడా పొద్దున కట్టుకున్న రంగే ఒంటి మీద ఉండే పని అది. ఆశ పుట్టినందుకు అక్క మొహం చూడలేకపోయింది. ఆసుపత్రి దాకా ఇద్దరూ కలిసే వెళ్ళారు. పెద్దావిడ బయట బెంచీ మీద షెడ్డువాళ్ళందరి మధ్యా కూర్చుంది.

ఎక్స్‌రే తీయించుకుని లోపల గదిలోకి వెళ్ళేసరికి డాక్టరమ్మ ఫిల్ముని వెలుగు పలకకి తగిలించి చూస్తోంది. పక్కన కంపెనీ ఆఫీసరు.

"అద్దంలా ఉందమ్మా," అంది డాక్టరమ్మ. "పొద్దుట్నుంచీ ఇంత మంచి ఫిల్ము చూడలేదు. నీకు ఉద్యోగం ఖాయం."

చిన్నకోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతలో ఆఫీసరు ఫిల్ము దగ్గరికి జరిగాడు.

"షెడ్డు తెరిచిన నాటినుంచీ ఉన్న మనిషి ఈవిడ. రోజూ బూడిదలోనే. బూడిద వల్లే జబ్బయితే ముందు ఈవిడకి రావాలి కదండీ? మిగతావాళ్ళవి చుట్టల దగ్గులో, వంటింటి పొగ దగ్గులో. ఈ ఫిల్ము రేపు కమిటీ ముందు పెడతాను."

"ఒక్కరిని చూసి అందరికీ ఎలా చెబుతామండీ?" అంది డాక్టరమ్మ.

"కమిటీకి ఒక్కరు చాలు."

తలుపవతల దగ్గులు వినిపిస్తున్నాయి. అందులో అక్కది ఏదో చిన్నకోడలు పోల్చుకోగలదు. తను కాపురానికి రాకముందు అక్క ఒక్కతే రోజూ వెళ్ళేది. తను వచ్చాక కూడా గాలి దుమారం లేచిన పొద్దున, వంతు తనదైనా సరే, "ఇవాళ నువ్వుండు, నేను పోతా" అని పాసు లాక్కుని వెళ్ళిపోయేది. తన ఛాతీ ఇంత శుభ్రంగా ఉండడానికి అక్క పీల్చిన గాలే కారణం. ఆ ఛాతీనే ఇప్పుడు అక్క మీద సాక్ష్యానికి తీసుకుపోతున్నారు. సిగ్గూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"అయ్యా, ఆ ఛాతీ నాదే. పాసు నాది కాదు."

"అంటే?"

"రోజు విడిచి రోజు మా అక్క వచ్చేదండీ. దుమారం రోజులన్నీ అక్కే. మీ బూడిద నా వంతుకి సగం కూడా రాలేదు."

ఆఫీసరు గిరుక్కున ఇటు తిరిగాడు. "ఇన్నేళ్ళూ దొంగ పాసు మీద పనిచేశారా? అయితే నీకూ లేదు, ఆవిడకీ లేదు. ఇంకేమీ రాదు, తెలుసా?"

"దొంగ పాసేమో గానీ దొంగ పని చెయ్యలేదండీ. మీ బస్తాలు ఏనాడైనా తగ్గాయా?"

జవాబు లేనివాళ్ళకి గొంతు పెద్దది కదా, ఆఫీసరు కాసేపు గట్టిగానే అరిచాడు. డాక్టరమ్మ ఆయన్ని ఆగమని చెప్పి, ఫిల్ము కిందికి దించి కలం తీసుకుంది.

"మొదట్నుంచీ చెప్పమ్మా. నెమ్మదిగా."

చిన్నకోడలు చెప్పింది. తనది కాని పేరు వెనక ఇన్నేళ్ళు దాచుకున్న తన పేరు కూడా చెప్పింది. అప్పుడు బయటికొచ్చింది.

పెద్దకోడలు బెంచీ మీంచి లేచింది. ఆ అరుపులన్నీ విననే విన్నది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే!" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఉద్యోగం పోయినట్టేనా?"

"పోయినట్టే అక్కా."

"పోనీ, నాకేమైనా ఇస్తారా?"

"తెలీదు. కమిటీ తేల్చాలిట. ఇద్దరం ఉన్నామని మాత్రం రాసుకున్నారు."