వెట్టి బందైన సంగతి

సూరత్‌లో సాంచెలన్నీ, అంటే మరమగ్గాలన్నీ, ఆగిపోయి నెల దాటింది. బమ్రోలిలోని ఆ గల్లీకి అంత నిశ్శబ్దం అలవాటు లేదు. కరోనా వచ్చి తాళాలు పడ్డాక కొమురవ్వకు ఒక విచిత్రం తెలిసొచ్చింది. ఇన్నేళ్ళూ తన చెవులు పోయాయనే అనుకుందామె. పోలేదు. సాంచెల మోత ఆగేసరికి పక్కింటి గుసగుసలు కూడా వినిపిస్తున్నాయి.

అందుకే ఆ పొద్దున వంటింట్లో కోడలు విజయశ్రీ, ఎదురింటి లత గొంతులు తగ్గించి మాట్లాడుకుంటుంటే, గడప దగ్గర కూర్చున్న ముసలమ్మకు ప్రతి మాటా తెలిసింది.

సంగతి ఇదీ. సాంచెలకు కూలీలను కుదిర్చే ఠేకేదారు రాంప్రసాద్ లాక్‌డౌన్ మొదట్లో గుడ్డ మూటలు తెచ్చి ఈ గల్లీలో కుట్టుమిషన్లున్న ఆడవాళ్ళకు పంచాడు. అతనిదీ కరీంనగర్ దిక్కే. కొమురవ్వ కొడుకు కమలాకర్‌ను సాంచెల పనిలో పెట్టిందీ అతనే. "దేశం కష్టంల ఉన్నది చెల్లె. మనం గూడ జర సేవ చెయ్యాలె. మాస్కులు కుట్టియ్యండి. కూలి అడుగకండి, గిది పుణ్యం" అన్నాడు. ఆడవాళ్ళు సంతోషంగా కుట్టారు. పేదవాళ్ళకు పంచుతున్నాడనే అనుకున్నారు. మూటలు అయిపోయినకొద్దీ కొత్తవి వచ్చాయి.

నిన్న లత తమ్ముడు రాజు కామ్‌రేజ్‌లో మందుల దుకాణంలో ఒక మాస్కు కొన్నాడు. వీడియో కాల్‌లో అక్కతో మాట్లాడుతుంటే లత దాన్ని గుర్తుపట్టింది. తెల్లదారం అయిపోయినప్పుడు ఆమె పచ్చదారంతో కుట్టిన మాస్కది. పుణ్యానికి కుట్టినవాటిని రాంప్రసాద్ దుకాణాలకు అమ్ముకుంటున్నాడు.

"అడుగుదామా?" అంది లత.

లోపలి నుంచి కమలాకర్ అందుకున్నాడు. "ఎవ్వలు ఏం అడుగకండి. రేపు సాంచెలు తెరిస్తె నన్ను పిలిచేది ఆయననే. ఇప్పుడు కొట్లాట పెట్టుకుంటె ఏం దిని బతుకుతం?"

దాంతో మాట ఆగిపోయింది. మిషన్ మళ్ళీ టకటకమంది.

"గది వెట్టి గదనే!" అంది కొమురవ్వ గడప దగ్గరి నుంచే.

మనవరాలు హారతి ఫోన్‌లో కాలేజీ పాఠం వింటోంది. తలెత్తి, "వెట్టి అంటే ఏంది నాయినమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల పుట్టింది సూరత్‌లో, చదివింది గుజరాతీలో. ఆ మాట ఎప్పుడూ వినలేదు.

"పైసలియ్యకుంట ఊకెనే పని చేపిచ్చుకునుడు. మా ఊర్ల దొర చేపిచ్చుకుంటుండె."

"అది అంగ్రేజుల జమానాల కదా? సన్ నలభై ఏడులో ఆజాదీ వచ్చింది, అన్నీ ఖతం."

కొమురవ్వ నవ్వింది. "గా ముచ్చట మా ఊరికి ఎవ్వలు చెప్పలేదు బిడ్డా."

ఎవరూ అడగలేదు గనుక ఆమె ఇన్నేళ్ళలో చెప్పలేదు. ఇప్పుడు చేతినిండా పొద్దుంది. లత కూడా పోబోతూ ఆగి, తలుపుకు ఆనుకుంది.

మానేరు ఒడ్డున చిన్న ఊరు వాళ్ళది. దేశమంతా జెండాలు ఎగరేసిన నెలలో అక్కడ ఒక్క గుడ్డపీలిక కూడా ఎగరలేదు. నిజాం రాజ్యం నిజాందే, ఊరి మధ్య కోటలాంటి గడి దొరదే. ప్రతి పండుగకూ దొర మనిషి నేతపని చేసే సాలోళ్ళ వాడకు వచ్చి, ఇంటికింత అని బట్ట కోయించుకుని పోయేవాడు. కొమురవ్వ తండ్రి బుచ్చిరాములు మగ్గం మీద ఎంత మంచి బట్ట నేసినా, పిల్లకు మాత్రం అతుకుల లంగాయే.

మరుసటి ఏడు ఒకనాడు తల్లి గంగవ్వ సిద్దిపేట అంగడికి నూలు కోసం పోయింది. తిరిగొచ్చి, నెత్తి మీది గంప దించకుండానే మొగుడితో అంది. "జనగామ దిక్కు వెట్టి బందైందట."

"ఎవలు బంద్ జేసిండ్రు?"

"ఎవలో ఎందుకు? చెయ్యం అన్నరట. గంతే."

దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళెవరూ ఆ ఊరికి రాలేదు. తుపాకులు రాలేదు, మీటింగులు జరగలేదు. ఆ ఒక్క మాటే వచ్చింది. వాడలో వాళ్ళు దాన్ని నమ్మనూ లేదు, మరిచిపోనూ లేదు.

దసరా ముందు దొర మనిషి కర్ర పట్టుకుని రానే వచ్చాడు. బుచ్చిరాములు కత్తెర అందుకున్నాడు. గంగవ్వ గబుక్కున మగ్గం గుంటలోకి దిగి, నేసిన బట్ట మీద రెండు చేతులూ పరిచింది. "గిది నా బిడ్డకు" అంది. అతను కర్ర ఎత్తాడు. మూలన నిలబడ్డ కొమురవ్వ కెవ్వుమంది. ఆ కేకకు పక్కింటి సమ్మక్క వచ్చి గంగవ్వ పక్కన కూర్చుంది. ఆమె వెనక ఇంకొకామె, ఇంకొకామె. అతను అందరినీ చూసి, కర్ర దించి, వచ్చిన దారినే పోయాడు.

"దొర ఊకున్నడా?" అంది లత.

"దొర ఉంటె గద! ఇంటిల్లిపాదిని తీస్కొని అంతకుముందే పట్నం పారిపోయిండట. మాకు తెలువది. గడి ఖాళీగ ఉన్నది, మేమేమో వణుక్కుంట కూసున్నం."

హారతి పకపకా నవ్వింది. "అంటే ఖాళీ గడికి భయపడ్డరా?"

"ఖాళీదని తెలిస్తె ఎవలన్న లేస్తరు బిడ్డా. తెల్వకనే లేసింది మా అవ్వ."

ఆ దసరాకు కొమురవ్వ తండ్రి నేసిన ఎర్ర లంగా కట్టుకుంది. ఆమెకు తెలిసిన స్వతంత్రం అదే.

విజయశ్రీ మిషన్ మీద నుంచి లేచి, కుట్టిన మాస్కులన్నీ ఒక సంచిలో వేసి పక్కన పెట్టింది.

మర్నాడు రాంప్రసాద్ మళ్ళీ మూట తెచ్చాడు. కొమురవ్వ తనే ఏదో అందామని గొంతు సవరించుకునేలోగా కోడలు ముందుకొచ్చింది.

"అన్నా, కుడుతం. అమ్మేటియైతె కూలి ఇయ్యి. పుణ్యానికైతె మా చేతులతోనే పంచుతం."

రాంప్రసాద్ ముందు నవ్వాడు, తర్వాత మొహం ఎర్రబడింది. "ఊరోళ్ళని పని ఇప్పిచ్చిన. గిదా మర్యాద? ఏంది కమలాకర్, నీ ఇంట్ల నీ మాట నడువదా?"

కమలాకర్ నేల చూశాడు. కొమురవ్వకు తెలుసు, ఈ గడి ఖాళీది కాదు. సాంచెలు తెరిచే రోజు వస్తుంది, ఎవరిని పిలవాలో ఈ మనిషే చెబుతాడు.

"నడుస్తది అన్నా" అన్నాడు కమలాకర్, తలెత్తి. "నా మాట గూడ గదే."

అప్పటికి లత తన గడప మీదికి వచ్చింది. గల్లీలో మరి రెండు తలుపులు తెరుచుకున్నాయి. రాంప్రసాద్ మూట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

కొమురవ్వ భయపడ్డట్టే అయింది. సాంచెలు తెరిచినప్పుడు అతను కమలాకర్‌ను పిలవలేదు. కమలాకర్ చాలా చోట్ల తిరిగి, చివరికి దూరాన పల్సానాలో పని పట్టుకున్నాడు. రోజూ సైకిల్ మీద పోయి రావడంతో మోకాళ్ళు నొప్పెడుతున్నాయని మూలిగేవాడు గానీ, ఆ రోజన్న మాట గురించి మాత్రం ఎప్పుడూ మూలగలేదు. ఆడవాళ్ళు దాచిన మాస్కుల్ని రైళ్ళెక్కి ఊళ్ళకు పోయేవాళ్ళకు పంచారు. పాండేసరలో రంగుల మిల్లు తెరిచాక, అక్కడి మేనేజరు తన కార్మికులకు మాస్కులు కావాలని వెతుక్కుంటూ ఈ గల్లీకే వచ్చాడు. కూలి ఇచ్చి కుట్టించుకున్నాడు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం రాంప్రసాద్ లత ఇంటి ముందు నిలబడ్డాడు. చేతిలో గుడ్డ మూట ఉంది. గొంతులో మునుపటి జోరు లేదు.

"పెద్ద ఆర్డర్ వచ్చింది. కుట్టేటోళ్ళు దొరుకుతలేరు. కూలి ఎంతనో మీరే చెప్పుండ్రి."

ఆడవాళ్ళంతా లోపల చేరారు. ఒకామె ఎక్కువ అడుగుదామంది, ఇంకొకామె అంత అడిగితే పోతాడంది. లత ముందు పాత మూటల కూలి తేలాలని పట్టుబట్టింది. హారతి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండని అరుస్తోంది, ఎవరూ వినడం లేదు.

సన్నగా తుంపర మొదలైంది. కొమురవ్వ తన గడప మీది నుంచి రాంప్రసాద్‌ను పిలిచి, స్టూలు జరిపి, చెంబుతో నీళ్ళిచ్చింది.

"కూసో బిడ్డా. వాళ్ళంత ఒక్క మాట మీదికి రావాలె గద. జర సేపు పడుతది."