చప్పిడి పత్యం

చిట్యాల బైపాసు పక్కన రేకుల షెడ్డులో నరేశ్ మోటారు చుడుతున్నాడు. ఎండాకాలం వచ్చిందంటే బోర్లు అడుగంటుతాయి, మోటార్లు కాలుతాయి. కాలినవన్నీ ఆ షెడ్డు ముందు వచ్చి పడతాయి. పైన ఫ్యాను తిరుగుతుంది గానీ అది తిప్పేది రేకుల వేడినే. రాగి తీగ చుట్టను మోటారు లోపలి సన్నని గాడిలోకి దింపాలంటే సూదిలో దారం ఎక్కించే నిలకడ కావాలి. ఆ రోజు నరేశ్ చెయ్యి నిలవడం లేదు. తీగ గాడి అంచుకు గీసుకుని పైపూత లేచిపోయింది. తీసి పారేసి మళ్లీ చుట్టాడు. మళ్లీ గీసుకుంది.

బత్తాయి తోట ఎండిపోతోందని పొద్దుటి నుంచి బల్ల మీద కాచుక్కూర్చున్న బాలయ్య అది చూశాడు. నరేశ్ తండ్రి గుర్వయ్య పక్కనే ఉన్నాడని కూడా చూసుకోలేదు.

"పొద్దుగాలనే ఏసినట్టున్నవ్ గదరా. నా మోటరు నీ చేతుల పడ్డది, నా చెట్ల గతి గంతే ఇగ."

"వాడు తాగడు," అన్నాడు గుర్వయ్య. "ఉంటే కూసో. లేకుంటే మోటరు ఎత్తుకపో."

బాలయ్య ఎత్తుకుపోలేదు. ఆ చుట్టుపక్కల నరేశ్ చుట్టినంత గట్టిగా చుట్టేవాడు లేడు.

కొడుకు చెయ్యి వణకడం గుర్వయ్యకు కొత్త కాదు. వాడు రోజూ మింగే గోలీతో కొంచెం వణుకు ఉంటుందని నల్లగొండ దవాఖానలో మెర్సీ సిస్టర్ మొదటే చెప్పింది. అందుకే ఆయన ఆ వణుకును పట్టించుకోలేదు. పట్టించుకుంటే గోలీ ఆపమనే మనుషులు చుట్టూ ఉన్నారు. ఆయన ఆపదలుచుకోలేదు.

ఆయన భార్య నాగులమ్మ చనిపోయేనాటికి నరేశ్ బడికి పోతున్నాడు. ఆమె నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునేది. ఆ తరువాత నిద్ర లేకుండా ఇల్లంతా కడిగేది, పొలమంతా తిరిగేది, దారిన పోయేవాళ్లను పిలిచి అన్నం పెట్టేది. ఊరు దానికి గాలి అని, పొగరు అని, ఒళ్లు వంగకపోవడం అని పేర్లు పెట్టింది. జబ్బు అని మాత్రం ఎవరూ అనలేదు. ఒళ్లు వంగదన్న మాట గుర్వయ్య అక్క ప్రమీలమ్మది. నాగులమ్మ బావిలో తేలిన రోజు ఆ ఒడ్డున నిలబడి ఏడ్చినవాళ్లలో ఆమె గొంతే పెద్దది. గుర్వయ్య ఆ ఏడుపును ఇప్పటికీ క్షమించలేదు.

కొడుక్కు అదే వచ్చినప్పుడు ఆయన ఎవరినీ అడగలేదు. నరేశ్ రాత్రుళ్లు నిద్రమాని, జిల్లా మొత్తానికి తానే మోటార్లు చుడతానని బజారులో ఫ్లెక్సీలు కట్టించి, పనిముట్లు దొరికినవాడికల్లా పంచిపెట్టి, నెల తిరగకుండానే తల్లిలాగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. గుర్వయ్య వాణ్ని రెక్క పట్టుకుని లేపి నల్లగొండ బస్సెక్కించాడు. డాక్టరు బైపోలార్ అన్నాడు. లిథియం గోలీలు రాశాడు. ఎట్లా వాడాలో మెర్సీ సిస్టర్ కూర్చోబెట్టి చెప్పింది. నీళ్లు బాగా తాగాలి. చెప్పిన టైముకు రక్తపరీక్ష చేయించాలి. నొప్పుల గోలీలు సొంతంగా కొని మింగకూడదు. ఉప్పు ఎప్పటిలాగే తినాలి. వాంతులు, విరేచనాలు అయితే ఆగకుండా ఫోను చెయ్యాలి. ఉప్పు సంగతి కూడా ఒక సంగతేనా అనుకున్నాడు గుర్వయ్య. మిగతావి మనసులో పెట్టుకున్నాడు.

అప్పటి నుంచి రెండు పూటలా గోలీ కొడుకు అరచేతిలో తనే పెట్టేవాడు. మింగినాక నోరు తెరిపించి నాలుక కింద చూసేవాడు. మీసాలొచ్చిన కొడుకు నోరు తెరిచి నిలబడటం ఇంటికొచ్చినవాళ్లకు నవ్వులాటగా ఉండేది. ఉండనీ అనుకున్నాడు. నరేశ్ మనిషయ్యాడు. షెడ్డు మళ్లీ తెరిచాడు. మునుగోడు దిక్కు నుంచి లింగస్వామి అనే ఆయన తన బిడ్డను ఇస్తానని కబురు పెట్టేదాకా వచ్చింది.

ఉగాది దాటాక ప్రమీలమ్మ మక్తల్ నుంచి వచ్చింది. ఆమె కొడుకూ కోడలూ పనికి పూణే పోయారు. ఒక్కతే ఉండలేక వచ్చానంది. గుర్వయ్య ఉండమనలేదు, పొమ్మనలేదు. ఆమె సంచి మూలకు పెట్టి పొయ్యి దగ్గర కూర్చుంది. మేనల్లుడంటే ఆమెకు ప్రాణం. వాడికి వేడిగా వేరే వండి, షెడ్డుకు టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చేది. మగవాళ్లిద్దరే ఉన్న ఇంట్లో ఏళ్ల తరవాత వేళకు అన్నం ఉడికింది. గుర్వయ్య తిన్నాడు గానీ బాగుందని అనలేదు.

బాలయ్య మాట అన్న రెండో రోజు నరేశ్‌కు పొద్దున్నే విరేచనాలు పట్టుకున్నాయి. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. గోలీ వద్దన్నాడు. అయినా బాలయ్యకు మోటారు చుట్టి ఇవ్వాలని షెడ్డుకు పోయాడు. గుర్వయ్య ఆ గోలీని జేబులో వేసుకుని వెనకాలే వెళ్లాడు. ఎండదెబ్బ అనుకున్నాడు. మజ్జిగ తాగితే కుదురుకుంటుంది, తరవాత మింగిస్తాను అనుకున్నాడు.

మధ్యాహ్నం ప్రమీలమ్మ డబ్బా పట్టుకుని వచ్చేసరికి నరేశ్ బల్ల నుంచి లేచి నిలబడబోతున్నాడు. బురదలో నడిచేవాడిలా కాళ్లు ఎడంగా వేశాడు. అత్తమ్మా అనబోతే నాలుక మడత పడి మాట ముద్దగా వచ్చింది. చేతులు రెండూ ఎవరో పట్టి ఊపినట్టు ఊగుతున్నాయి. మోటారు కోసం వచ్చి కూర్చున్న బాలయ్య ఈసారి తాగాడని అనలేదు.

"గోలీ తినేస్తాంది పోరన్ని," అంది ప్రమీలమ్మ. "నీ కాళ్లు మొక్కుత తమ్మీ, బంజెయ్యి."

"బంజేస్తే ఏమైతదో నాగులమ్మ పడ్డ బాయిని అడుగు పో," అన్నాడు గుర్వయ్య. జేబులోంచి గోలీ తీసి కొడుకు దవడ పట్టుకున్నాడు. నరేశ్ మూతి బిగించాడు. తండ్రి చేతిని తోసేయాలని చూశాడు గానీ ఆ చెయ్యి ఎటో పోయింది.

అక్క నోరు మూయించాలంటే చెప్పాల్సినవాళ్లే చెప్పాలనిపించింది గుర్వయ్యకు. మెర్సీ సిస్టర్‌కు ఫోను కలిపి, అందరికీ వినబడేటట్టు స్పీకరు పెట్టాడు. కొడుకు గోలీ మింగనంటున్నాడు, గట్టిగా చెప్పండి అన్నాడు. ఆమె చెప్పలేదు, అడిగింది. వణుకు ఎప్పటిదేనా, ఎక్కువైందా? నడక ఎట్లుంది? మాట? కడుపు? ఒక్కో జవాబుకూ ఆమె గొంతు మారింది.

"కాకా, ఆ గోలీ ఇయ్యకుండ్రి. ఒక్కటి గూడ. ఇప్పుడే దవాఖానకు తీస్కరండ్రి."

గుర్వయ్య చెయ్యి కొడుకు దవడ మీదే ఉండిపోయింది. ప్రమీలమ్మ అన్న మాటే సిస్టర్ నోటి నుంచి వచ్చింది. సిస్టర్ ఇంకా అడుగుతోంది. వేరే గోలీలేమన్నా మింగాడా? ఉప్పు తినడం ఏమన్నా తగ్గించాడా?

"అదేం లేదు సిస్టరమ్మా. నేను తిన్నదే తింటడు," అన్నాడు. అంటూనే ఆగాడు. తను తిన్నదే కాదు. వాడికి వేరే వండుతున్నారు. బల్ల మీది డబ్బా మూత తీసి పప్పన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మట్టి తిన్నట్టుంది. కూర తీశాడు. అదీ అంతే. ఉప్పు రవ్వంత లేదు.

అక్కవైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పత్యం పెట్టిన," అంది. "కామెర్ల మందుకే చప్పిడి తినిపిస్తం గద. గింత గట్టి మందుకు పత్యం లేకుంటే ఎట్ల? మండలం దినాలు చప్పిడి తింటే రోగం మొదలుకంట పోతదనుకున్న. ఇగ గోలీలతోని పనుండదు, మునుగోడోళ్లకు తెలిసే పనుండదు అని."

నరేశ్ తెలిసే తిన్నాడు. తండ్రికి చెప్పొద్దంటే చెప్పలేదు. గోలీ లేని బతుకు వస్తుందంటే ఉప్పు లేని కూడు వాడికి కష్టంగా తోచలేదు. రేకుల కింద చెమట కారిపోతుంటే లోపలి ఉప్పు కూడా ఆ చెమటతోనే పోయింది.

మోటారు తెచ్చిన ట్రాలీ ఆటో బాలయ్యదే. అడక్కముందే అందులో గోనెసంచి పరిచాడు. నార్కట్‌పల్లి మీదుగా నల్లగొండ చేరేదాకా గుర్వయ్య కొడుకు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ప్రమీలమ్మ ఎక్కబోతే వద్దనలేదు. ఆమె ముఖం మాత్రం చూడలేదు.

దవాఖానలో రక్తం తీశారు, సెలైన్ పెట్టారు. రక్తంలో మందు ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువుందని డాక్టరు చెప్పాడు. కిడ్నీలు తట్టుకుంటున్నాయి, మందు దిగేదాకా చూడాలి అన్నాడు. మెర్సీ సిస్టర్ గుర్వయ్య చేతికి కొలత గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఇచ్చింది. ఎంత తాగాడో, ఎంత పోశాడో చూసి ఆమెకు చెప్పడం ఆయన పని. ఆమె వచ్చినప్పుడల్లా నరేశ్‌ను పేరు అడిగేది, ఏ వారమో అడిగేది, చేతులు చాపమనేది. మొదట వాడు వారం తప్పు చెప్పాడు. గుర్వయ్య అందించబోతే ఆమె వేలు చూపించి ఆపింది. మరునాడు సరిగ్గా చెప్పాడు. ఆ తరవాతి రోజు చేతులు చాపితే ఎప్పటి సన్నని వణుకే మిగిలింది. పక్కబట్టలు మార్చడం, లేపి నడిపించడం, వాంతి ఎత్తడం అన్నీ గుర్వయ్యే చేశాడు. ప్రమీలమ్మ వరండాలో కూర్చునే ఉంది. ఒకసారి లోపలికి వచ్చి జగ్గు అందుకోబోతే ఆయన ఆ జగ్గును ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

మందు మళ్లీ మొదలుపెట్టవచ్చని, మోతాదు తగ్గించి ఇస్తానని డాక్టరు చెప్పి వెళ్లిన రోజు నరేశ్ లేచి కూర్చున్నాడు.

"నేను మింగ నాయినా."

గుర్వయ్య నోరు తెరిచేలోపే వాడే అన్నాడు.

"నువ్వు మింగుమన్నవ్, మింగిన. అత్తమ్మ చప్పిడి తినుమన్నది, తిన్న. మీ ఇద్దర్ల నన్ను అడిగినోళ్లెవలు?"

సెలైన్ సీసా మారుస్తున్న మెర్సీ సిస్టర్ ఆ పని ముగించి, స్టూలు లాక్కుని నరేశ్ ముందు కూర్చుంది. తండ్రివైపు చూడకుండా వాడికే చెప్పింది.

"గోలీ మారలేదు నరేశ్. నీ ఒంట్లె ఉప్పు తగ్గింది. ఉప్పు తక్కువైతే కిడ్నీ దాన్ని బయటికి పోనియ్యకుండ పట్టుకుంటది. ఈ మందును గూడ ఉప్పు లెక్కనే పట్టుకుంటది. బయటికి పోవాల్సింది లోపల్నే జమైంది. అంతే జరిగింది. ఇగ ఇది వద్దంటవా, డాక్టర్‌తోని మాట్లాడు, వేరే మందులున్నయి. మందే వద్దంటే మాత్రం మునుపు నీకేమైందో నీకెర్కే. నేను చెప్పేదేం లేదు."

నరేశ్ తన చేతుల కేసి చూసుకున్నాడు. మునుపు ఏమైందో వాడికి తెలుసు. గోడ తెలుసు. ఆ గోడ ముందు వాడి తల్లి పడుకుని ఉండటం కూడా గుర్తే. తల ఎత్తి, తీగ ఎంత మందం వాడాలో అడిగినంత మామూలుగా అడిగాడు. చెమట పట్టే పని మానుకోవాలా? కడుపు పాడైతే ఆ పూట ఏం చెయ్యాలి? రక్తపరీక్షకు ఒక్కడే వస్తే తీసుకుంటారా? ఆమె ఒక్కొక్కటీ చెప్పింది. వాడు తిరిగి చెప్పి చూపించాడు. అంతా అయ్యాక తండ్రివైపు తిరిగాడు.

"మింగుత. గని నా నోట్లె సూసుడు ఇయ్యాల్టితోని బంద్."

చూడకపోతే మింగుతాడని ఏమిటి నమ్మకం అనుకున్నాడు గుర్వయ్య. నమ్మకం లేదు. వాడు మాట ఇచ్చాడు, అంతే ఉంది. కొత్త గోలీల అట్ట ఆయన చొక్కా జేబులో ఉంది. తీసి మంచం మీద, కొడుకు చెయ్యి పక్కన పెట్టాడు. పెట్టి జగ్గు కడగడానికి బయటికి పోయాడు. వాడు మింగడం ఆయన చూడలేదు.

డిశ్చార్జి రోజు బస్టాండులో ప్రమీలమ్మ తమ్ముడి ముందు చేతులు జోడించింది. తెలియక చేశానంది.

"తెలువక చేసినవని నాకెర్కే," అన్నాడు గుర్వయ్య. "పోరడు నీ తానకొస్తే రానీ, నేను వద్దన. నా ఇంట్ల పొయ్యి మాత్రం ముట్టకు."

మక్తల్ పోవాలంటే మహబూబ్‌నగర్‌లో మారాలి. ఆ బస్సులో సీటు చూసి కూర్చోబెట్టాడు, నీళ్ల సీసా కొనిచ్చాడు. మళ్లీ రమ్మనలేదు.

వారం తరవాత నరేశ్ షెడ్డు తెరిచాడు. వేడి దిగకుండా రేకుల మీద జమ్ము గడ్డి కప్పించాడు. మొదటి పని బాలయ్య మోటారు. తీగ గాడిలోకి గీత పడకుండా దిగింది. సగం చుట్టాక చేతులు తుడుచుకుని, ఫోను తీసి మునుగోడు లింగస్వామికి కలిపాడు. జబ్బు సంగతి పెళ్లయ్యాక చెప్పొచ్చులే అని గుర్వయ్య ఒకసారి అనుకున్నాడు. ఆపుదామని లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

నరేశ్ జబ్బు పేరు చెప్పాడు. గోలీ పేరు చెప్పాడు. దవాఖానలో పడ్డ సంగతి చెప్పాడు. కావాలంటే వచ్చి డాక్టరును అడగండి, మీ బిడ్డను కూడా తీసుకురండి అన్నాడు. ఆ తరవాత లింగస్వామి ఏదో అడిగాడు. నరేశ్ ఫోనును భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి, వదిలేసిన చుట్టను మళ్లీ చేతిలోకి తీసుకుంటూ చెప్పాడు.

"ఎన్నడు బంజేస్తరంటే నాకు తెలువది మామా. డాక్టర్ ఆపుమంటే ఆపుత. అననంత కాలం మింగుత. నన్ను మింగుమని ఎవలూ చెప్పే పని లేదు."