మూడో సెట్టు ఎవరిది?

మా మరిది, అంటే మా చెల్లెలి మొగుడు, పుచ్చకాయల శాస్త్రజ్ఞుడు. నేను ఆస్పత్రి ల్యాబులో క్రోమోజోములు లెక్కపెడతాను. వాళ్ల పెళ్లిలో ఎవరో, వదినా మరుదులిద్దరిదీ ఒకటే చదువు, ఇక ఆ ఇంట్లో వాదనలుండవు అన్నారు. అన్నవాళ్లకు మరిది తల్లి సంగతి తెలియదు.

లోకంలో మంచి ఎక్కడ కనబడ్డా అది తమ వైపు నుంచే వచ్చిందనేది ఆవిడ నమ్మకం. వాళ్లింట చేరిన పిల్లి చురుగ్గా ఉంటే అదీ వాళ్ల పోలికే. ఇక కొడుకు గింజల్లేని పుచ్చకాయ పండించాక ఆవిడ కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ పని నిజానికి గొప్పదే. మామూలు పుచ్చతీగ కణంలో క్రోమోజోములు రెండు సెట్లుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. మరిది మొలక మీద మందు చుక్క వేసి నాలుగు సెట్ల తీగను తయారు చేస్తాడు. దాన్ని తల్లిగా పెట్టి మామూలు తీగ పుప్పొడి అద్దుతాడు. వచ్చే విత్తనానికి మూడు సెట్లు. మూడింటిని రెండుగా పంచడం కుదరదు కనుక, అది నాటితే కాసే కాయలో గింజ పట్టదు. ఫారం గేటుకి ఒక బోర్డు కూడా కట్టించాడు: "ఒక సెట్టు ఎక్కువ, ఒక మెట్టు ఎక్కువ."

చెల్లెలు నీళ్లోసుకున్న దగ్గర్నుంచి అత్తగారు రోజూ ఆ కాయే కోసి పెట్టింది. నాలుగో నెల మొదట్లో బిడ్డ పోయింది.

నమూనా మా ల్యాబుకే వచ్చింది. నన్ను ముట్టుకోవద్దని మా డాక్టరమ్మ ఇంకొకరికి ఇచ్చింది. నలభై ఆరు ఉండాల్సిన చోట అరవై తొమ్మిది తేలాయి. మూడు సెట్లు. మొక్కకైతే బోర్డు కడతారు, మనిషికైతే బిడ్డ దక్కదు. పైగా మాయ నీటి బుడగలతో ఉబ్బిపోయింది. అలాంటిది లోపల కాస్త మిగిలినా మళ్లీ పెరిగి, ఒక్కోసారి క్యాన్సర్ దాకా పోతుంది. అందుకని వారం వారం రక్తం పరీక్ష చేయించుకోవాలి. చెల్లెలు మొదటి వారం రాలేదు. రెండో వారమూ రాలేదు.

మూడో వారం నేనే వెళ్లాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆ కాయలన్నీ తిన్నది తనే కదా అంది. నాకు ఏడుపొచ్చింది. దాన్ని దిగమింగుకుని, గోధుమకు ఆరు సెట్లుంటాయి, అరటిపండుకు మూడుంటాయి, తిన్నవన్నీ ఒంట్లో చేరేటట్టయితే రొట్టె తిన్నవాళ్లందరం ఎప్పుడో గోధుమ చేలం అయిపోయేవాళ్లం అని చెప్పాను. కాస్త విన్నట్టే కనిపించింది.

"మరి ఆయనే అన్నారు కదక్కా, ఎక్కువ సెట్టు తల్లి నుంచే వస్తుందని."

రిపోర్టు ఇంటికొచ్చిన రోజున అత్తగారు ఇది ఎవరి వైపుదిరా అని అడిగిందట. అన్నం తింటున్న కొడుకు తల కూడా ఎత్తకుండా, ఎప్పుడైనా తల్లి నుంచే అన్నాడట. పన్నెండేళ్లుగా అతని ఫారంలో నాలుగు సెట్ల తీగే తల్లి. పెళ్లాం గురించి అడిగితే పాదు గురించి జవాబిచ్చాడు మహానుభావుడు. ఆవిడ రెండో ప్రశ్న వేయలేదు. ఆ రోజు నుంచి వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ, మా వంశంలో ఎప్పుడూ రెండేనండీ అని చెబుతోంది, తనే లెక్కపెట్టినట్టు.

ఆలుమగలిద్దరి రక్తం తీసి నమూనాతో పోల్చి చూస్తే ఎవరి వైపుదో తేలుతుందన్నాను. మరిది సంతోషంగా చెయ్యి చాపాడు. చెల్లెలు మాత్రం షరతు పెట్టింది.

"నాదేనని తేలితే ఇంక నన్ను వదిలెయ్ అక్కా. పరీక్షలూ వద్దు, ఏమీ వద్దు."

సరేనన్నాను. ఉబ్బిన మాయను బట్టి నాకొక ఊహ ఉంది, కానీ ఊహ వేరు, కాగితం వేరు. చెల్లెలికి చెప్పే, అదే రక్తంతో వారం పరీక్ష కూడా చేయించాను. బిడ్డ పోయాక రక్తంలో తగ్గిపోవాల్సిన గర్భం హార్మోను అంకె దిగాల్సినంత దిగలేదు. ఆ సంగతి ఫోన్లో చెప్పినా సరేలే అని పెట్టేసింది.

కాగితం పట్టుకుని వెళ్లేసరికి తల్లీ కొడుకూ బల్ల దగ్గర పుచ్చకాయ ముక్కలు తింటున్నారు. ఒక అండంలోకి రెండు వీర్యకణాలు పోయాయి, ఎక్కువైన సెట్టు తండ్రిది అని చదివాను. పడక గదిలోకి వినపడేలా మళ్లీ చదివాను.

మరిది ముక్క పళ్లెంలో పెట్టేశాడు. "నా తీగల్లో ఎప్పుడూ తల్లే వదినా" అని గొణిగాడు.

"మా చెల్లెలు తీగ కాదు" అన్నాను.

అత్తగారు కాగితాన్ని చూసింది, కొడుకుని చూసింది, చీర కొంగు సవరించుకుంది. "ఇందులో ఎవరి తప్పుందమ్మా? ప్రకృతి. ఎవరి చేతుల్లో ఉంది కనుక" అంది.

మాట నిజమే. నేను చెబుదామని వచ్చిందీ అదే. కానీ ఇన్ని వారాలుగా ఆ ఇంటి గడప తొక్కని ప్రకృతి ఇప్పుడే దిగింది. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ. ఆవిడ అక్కడితో ఆగినా బాగుండేది. మా వైపు వాళ్లకు మొదట్నుంచీ చురుకెక్కువ, ఒకరు పోవాల్సిన చోటికి ఇద్దరు పోతారు అని కూడా అంది.

చెల్లెలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మనిషి సగమైపోయింది.

"అత్తయ్యా, ఇందాకటి మాట ఇంకోసారి అనండి."

"ఏ మాటమ్మా?"

"ఎవరి తప్పూ లేదన్నారే, అది."

ఆవిడ ఈసారి నెమ్మదిగా అంది.

"నాదని తేలి ఉంటే?"

అత్తగారు పళ్లెంలో లేని గింజలు ఏరడం మొదలుపెట్టింది. చెల్లెలు కాసేపు చూసి, చెప్పులు వేసుకుంది. మరిది లేచి ఆస్పత్రి ఫైలు అందుకున్నాడు. చెల్లెలు అతని చేతిలోంచి దాన్ని తీసుకుని నాకిచ్చింది.

"పదక్కా, రక్తం ఇచ్చొద్దాం."