రెండు మాటల నడుమ మెలిక

కిరణ్ అనే పేరు వింటేనే నాకు ఒళ్లు మండేది. నంద్యాలలో జపాను భాష నేర్పే మాస్టరు వాడు. నా పెళ్లాం కరుణ ఆ ఊరి ఆస్పత్రిలోనే నర్సు. డ్యూటీ దిగి, వాడి క్లాసు ముగించుకొని, ఆళ్లగడ్డకు పొద్దుగూకాకే చేరేది. జపానులో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగమట. నేనేమో ఇక్కడ రాతి విగ్రహాలు చెక్కుకుంటూ కూర్చోవాలట. ఎవరి చెవిలో పువ్వు పెడుతోంది?

మొదట్లో ఒకసారి నోటుపుస్తకం చూపించింది. రెండు మాటల నడుమ గుండ్రంగా మెలిక తిరిగిన అక్షరం: の.

"దీన్ని నో అంటారు. ముందు మనిషి పేరు, నడుమ ఇది, ఎనక వస్తువు. కరుణ నో బ్యాగు అంటే కరుణ బ్యాగని. అంతే" అంది.

విననట్టే ఉన్నాను గానీ ఆ మెలికను మర్చిపోలేదు. మొన్న ఆమె స్నానానికి పోయినప్పుడు పుస్తకం తిప్పాను. ఒక పేజీలో పదకొండు వరుసలు, అన్నీ నాకు చదవరాని జపాను అక్షరాలే. అన్నిటి మొదట్లో ఒకటే పేరు, పక్కన ఆ మెలిక. పదకొండుసార్లు రాసుకునేంత ముద్దు ఎవరి మీద? అనుమానం పెనుభూతమంటారు, అది నా నెత్తికెక్కి కూర్చుంది. పేజీ చింపి జేబులో పెట్టుకున్నాను. ఆదివారం పది గంటలకు కిరణ్ క్లాసులోనే ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పాస్‌పోర్టు లేనిదే కూర్చోనివ్వరు. దాన్నీ తీసి దాచాను.

ఆదివారం పొద్దున కరుణ బీరువా అంతా కిందికి లాగింది.

"ఏమయ్యా, నా పాస్‌పోర్టు యాడన్నా చూసినావా?"

"నాకేం తెలుసు. మీ కిరణ్ సారును అడుగు పో."

ఇంటర్వ్యూ చేసేవాళ్లను బతిమాలుకుందామని ఏడుస్తూనే బస్సెక్కింది. పాస్‌పోర్టు ఇంట్లో ఉంచితే ఎవరి కంటైనా పడుతుందని జేబులో వేసుకొని, తర్వాతి బస్సులో నేనూ పోయాను. ఆ పేజీ కిరణ్ మొహాన కొట్టాలని నా పంతం.

కరుణతో పాటు చదివే నజ్మా ఇంటర్వ్యూ ముగించుకొని గేటు దగ్గర నిలబడి ఉంది. పేజీ ఆమె చేతిలో పెట్టాను.

"ఇది ఎవరి పేరమ్మా? నిజం చెప్పు."

"నీ పేరే కదన్నా. జీవన్ నో చేతులు. జీవన్ నో సుత్తి. జీవన్ నో దగ్గు..." చదువుతూ ఆగింది. "మనం చూసుకున్న రోగి ఎవరి గురించైనా జపానులో చెప్పమంటారు లోపల. అక్క నీ గురించే రాసుకునింది. రాతి దుమ్ముకు నీ ఊపిరితిత్తులు చెడిపోతాండాయంట. ఆమెకు వినపడకూడదని కటింగ్ మిషన్ ఆన్ చేసి, ఆ సద్దులో దగ్గుతావంట. పాపం, రెండుసార్లు పిలిచి, పాస్‌పోర్టు లేదని అక్కను పంపించేసినారు."

మిషన్ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. కరుణ లోపల మెట్ల మీద కూర్చొని ఉంది. పాస్‌పోర్టు తీసి ఆమె ఒడిలో పెట్టాను.

"నేనే దాచినా."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నిన్ను ఆ దుమ్ములో నుంచి బయటికి లాగనీకి ఆ జపాను జీతం తప్ప నాకు వేరే దారి కనపళ్లా" అంది. "మళ్లా ఎప్పుడు పిలుస్తారో ఏమో. పా, పోదాం."

"యాడికి?"

"మా ఆస్పత్రికి. నీకు ఎక్స్‌రే తీపించల్ల."

కళ్లు తుడుచుకొని ముందు నడిచింది. నేను ఆమె వెనకాలే పోయాను.