గోరంత వాషర్

కొండ రోడ్డు మీద ఏటా జరిగే కార్ల పోటీకి వచ్చేవాళ్ళంతా అక్కను రెండో స్థానం మనిషిగానే ఎరుగుదురు. వరసగా మూడేళ్ళు ఆమె ఎర్ర స్పోర్ట్స్ కారు కింది మలుపులన్నీ అందరికంటే చురుగ్గా తిరిగేది. పైన నిటారు ఎత్తు వచ్చేసరికి మాత్రం బలం చాలక నీరసపడిపోయేది. ఈ ఏడాదితో ఆ రోడ్డు మూసేసి పోటీలు ఆపేస్తున్నారని తెలిసిన సాయంత్రం, విమానాశ్రయంలో డ్యూటీ దిగి ఇంటికొచ్చి, భోజనాల దగ్గర అసలు విషయం బయటపెట్టింది.

"కారుకి సూపర్‌ఛార్జర్ పెట్టిద్దామనుకుంటున్నా."

"పెట్టించడమేంటక్కా? నేను లేనూ? ఇంట్లోనే పెట్టేస్తా," అన్నాడు చిన్నోడు.

చిన్నోడంటే ఆమె తమ్ముడు. ముప్పై అయిదు దాటినా ఇంట్లో ఆ పిలుపు పోలేదు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. భార్య విడిపోయి వెళ్ళిపోయాక అక్కాబావల ఇంటి మేడమీది గదిలో ఉంటున్నాడు. చెయ్యి మంచిదే, ఓపికే తక్కువ. సగం రంగు పడిన కిటికీ, తలుపుల్లేని చెప్పుల బీరువా ఆ ఇంట్లో అతని జ్ఞాపికలు. అవన్నీ రోజూ చూస్తూ కూడా అక్క సరేనంది.

మందుల షాపు నడిపే బావ మాత్రం పళ్ళెంలోంచి తలెత్తకుండా, "పోటీ అయ్యాక పెట్టుకోకూడదూ?" అన్నాడు.

"పోటీ అయ్యాక అది దేనికండీ, అల్లం దంచుకోవడానికా?" అంది అక్క.

ఆర్డరిచ్చిన పెట్టె వచ్చింది. సూపర్‌ఛార్జరంటే ఇంజనుకున్న బెల్టుతోనే తిరుగుతూ గాలిని లోపలికి గట్టిగా తోసే పంపు. గాలి ఎంత ఎక్కువ పోతే పెట్రోలు అంత ఎక్కువ మండుతుంది, బండికి అంత బలం. దాన్ని కూర్చోబెట్టాలంటే ఇంజను మీదున్న పాత గాలి గొట్టాలు తీసెయ్యాలి. తీశాక నాలుగు సిలిండర్లకూ దారితీసే నాలుగు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. చిన్నోడు నాలుగింట్లోనూ శుభ్రమైన గుడ్డలు కుక్కి, సెలవు దొరికినప్పుడల్లా షెడ్డులో దూరి, ఈసారి నిజంగానే ఒళ్ళు దగ్గరపెట్టుకుని పనిచేశాడు. బావ కూడా వచ్చి చూసి, "పర్లేదోయ్, మనిషివయ్యావు," అన్నాడు.

పోటీకి ముందురోజు మధ్యాహ్నానికి పని కొసకొచ్చింది. పంపును దాని చోట బిగించేశాడు. మిగిలింది ఒక సన్నటి గొట్టం. దాని బోల్టుకి అటొకటి ఇటొకటి అల్యూమినియం వాషర్లు పడాలి, గోరంతేసి ఉంటాయి. ట్రేలో ఒకటే ఉంది.

మొదట నవ్వుకున్నాడు. జేబులు వెతికాడు. ట్రే ఎత్తి చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున నాలుగో నోట్లో గుడ్డ చేతికి అడ్డొస్తోందని తీసేశాడు. వాషర్ల పొట్లం పళ్ళతో చింపుతూ ఫోనులో అక్కతో, "సాయంత్రం నువ్వొచ్చేసరికి రెడీ," అని చెబుతున్నాడు. అప్పుడే ఎక్కడో టిక్కుమంది. నేల మీదేలే అనుకున్నాడు. ఆ తర్వాత కొత్త పుల్లీ బిగించడానికి పానాతో ఇంజన్ని చేత్తో తిప్పాడు. వాషర్ ఆ నోట్లోనే పడి ఉంటే, తిప్పినప్పుడు వాల్వ్ తెరుచుకుని దాన్ని లోపలికి మింగేసి ఉంటుంది.

షెడ్డంతా ఊడ్చాడు. చెత్తను పాత చొక్కా మీద పోసి వేళ్ళతో జల్లించాడు. చివరికి బావకు ఫోను చేశాడు. బావ షాపు కుర్రాళ్ళకి అప్పగించి వచ్చి, ప్యాంటు మోకాళ్ళు నల్లబడేలా నేలంతా పాకి వెతికాడు.

"ఏ మూలకో దొర్లిపోయి ఉంటుందిరా. అలాంటిది ఇంకోటి లేదా?"

"ఉంది."

"మరి వేసి బిగించెయ్. ఎందుకీ గోల?"

చిన్నోడు బిగించేశాడు. తాళం తీసుకుని కార్లో కూర్చున్నాడు. సీటు అక్క కొలతకు సర్ది ఉంది, మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. తాళం తిప్పితే రెండే జరుగుతాయి. ఏమీ ఉండకపోతే ఇంజను హాయిగా మోగుతుంది. ఉంటే ఇక్కడే గడబిడ కావచ్చు, లేదా ఇక్కడ ఊరుకుని, రేపు కొండ మీద లోయ పక్కన, అక్క పెడలు అదిమి తొక్కినప్పుడు ఇంజను పట్టేయొచ్చు. తాళం వదిలేసి దిగాడు.

"విప్పుతున్నా బావా."

"మీ అక్కొచ్చే టైమైంది రా!"

"రానీ."

నాలుగో స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ కన్నంలోంచి ఫోనుకి తగిలించుకునే తీగ కెమెరాను దించాడు. ముందు మసి కనబడింది, తర్వాత పిస్టను తల. దాని మీద గుండ్రంగా, తళతళా మెరుస్తూ వాషర్.

"దేవుడా," అన్నాడు బావ.

అయస్కాంతానికి అల్యూమినియం అంటదు. తీగ కొసకి రెండువైపులా అంటుకునే టేపు చుట్టి దించాడు. టేపు గోడలకే అంటుకుపోయింది. బావ పరుగున షాపుకెళ్ళి సెలైన్ గొట్టం తెచ్చాడు. దాన్ని ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనరుకి టేపుతో కట్టారు. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. ఒకసారి వాషర్ గొట్టానికి కరుచుకుని పైదాకా వచ్చింది. కన్నం అంచు తగిలి జారి మళ్ళీ లోపల పడింది. చిన్నోడు బానెట్‌కేసి నుదురు కొట్టుకున్నాడు.

"పిస్టన్ని కాస్త పైకి తెస్తే అందుతుంది. నువ్వు పానా పట్టుకుని తిప్పు బావా. నేను కెమెరాలో చూస్తూ చెబుతా. మెల్లిగా, బలం పెట్టకు," అన్నాడు బావ చెవి దగ్గర నోరు పెట్టి.

బావ వంగి తిప్పాడు. ఫోను తెర మీద పిస్టన్ మెల్లమెల్లగా పైకొచ్చింది. వాషర్ కదిలింది. జారి అంచుకు వెళ్ళింది. వాల్వ్ కింద.

"ఆపు!"

వాక్యూమ్ మోతలో బావకు అది వినబడలేదు. పానా బిగుసుకున్నట్టనిపించి, ఇంకాస్త నొక్కాలేమోనని ఒళ్ళు బరువంతా దాని మీద వేశాడు.

లోపల కటుక్కుమంది. ఆ చప్పుడు మాత్రం ఇద్దరికీ వినబడింది.

అక్క వచ్చేసరికి వాక్యూమ్ ఆగిపోయి ఉంది. ఒకడు పానా పట్టుకుని, ఒకడు ఫోను పట్టుకుని, ఎదురెదురుగా నేలమీద కూర్చుని ఉన్నారు. విమానాలకు దారి చెప్పే ఉద్యోగం ఆమెది. కోపం వస్తే గొంతు పెరగదు, రేడియోలో మాట్లాడినట్టు చదునైపోతుంది.

"ఏం జరిగింది? మొదట్నుంచీ చెప్పు."

చెప్పాడు. గుడ్డ తీసిన సంగతి, పళ్ళతో పొట్లం చింపిన సంగతి, అన్నీ.

"నేనే తిప్పానే, వాడు ఆపమన్నాడట," అన్నాడు బావ.

"మీరు ఊరుకోండి. ఏం చెయ్యాలి ఇప్పుడు?"

"ఇంజన్ మీది హెడ్డు విప్పి దించాలి. వాల్వ్ వంగి ఉంటుంది. కొత్తది తెప్పించాలి."

"రేపటికి?"

"కాదక్కా."

"ఇంకెవర్నైనా పిలిస్తే? రాత్రంతా చేస్తే?"

"ఎవరొచ్చినా కాదు."

ఆమె బోర్లించిన బకెట్ మీద యూనిఫాంతోనే కూర్చుంది.

"నా కోసం చేశావా చిన్నోడా ఇదంతా, నీ కోసం చేశావా?"

ఏ జవాబైనా ఇవ్వచ్చు. "నా కోసమే అనుకుంటా," అన్నాడు. "నన్ను నమ్మి ఒక్క పనైనా అప్పజెప్పేది నువ్వొక్కదానివే. ఇదన్నా చేసి చూపిద్దామని."

అక్క చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదిలాయి గాని చప్పుడు రాలేదు. బావ లేచి దగ్గరికి వెళ్ళబోతే చెయ్యడ్డం పెట్టి ఆపింది. తర్వాత లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు కూడా గట్టిగా వెయ్యలేదు. గట్టిగా వేసినా బాగుండుననిపించింది చిన్నోడికి.

మర్నాడు పొద్దున్నే బావ చిన్నకారు వేసుకుని అక్క పోటీ చూడ్డానికి వెళ్ళింది. చిన్నోడు షెడ్డులోనే ఉండి ఇంజన్ హెడ్డు దించుతున్నాడు. గాలి అటునుంచి వీచినప్పుడల్లా కొండ మీద కార్ల రొద లీలగా వినబడేది. ఒక్కో కారు ఎక్కుతుంటే పానా కింద పెట్టి, అది పైకి చేరేదాకా వింటూ కూర్చునేవాడు. వాషర్ సగానికి నలిగిపోయి ఉంది. వాల్వ్ కంటికి తెలిసేంతగా వంగింది. రెండూ తీసి గుడ్డ మీద పెట్టాడు.

సాయంత్రం ఆమె తిరిగొచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"ఎవరు గెలిచారక్కా?"

"ఎవరో," అని వెళ్ళిపోయింది.

వాల్వ్ రావడానికీ, ఇంజన్ మళ్ళీ కూర్చడానికీ చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఆమె అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. అతను కూడా ఓదార్పు మాటలేవీ ఆశించలేదు. ప్రతి బోల్టూ బిగించి, తెల్లసుద్దతో గుర్తు పెట్టి, మళ్ళీ మొదటినుంచి చూసుకునేవాడు. ఒక సెలవు ఉదయం మేడ దిగి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అయింది," అన్నాడు.

అక్క కాఫీ సగంలో వదిలేసి వచ్చింది. తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. దాని మీద సూపర్‌ఛార్జర్ కూత సన్నగా లేచింది. ఆమె మొహంలో ఏమీ కదల్లేదు. "ఎక్కు," అంది.

కారు కొండ దారి పట్టింది. పెడల్ కాస్త తొక్కితే చాలు, వీపు సీటుకి అతుక్కుపోతోంది. రెండో మలుపు దాటగానే రోడ్డుకి అడ్డంగా సిమెంటు దిమ్మెలు. వాటి అవతల, చెట్ల మధ్యనుంచి నిటారుగా పైకి పోతున్న ఖాళీ రోడ్డు.

అక్క కారు ఆపింది. తర్వాత తలుపు తీసి దిగి, దిమ్మెల మధ్యలోంచి దూరి, ఆ ఎత్తు మీదికి నడవడం మొదలుపెట్టింది.

చిన్నోడు ఇంజన్ ఆపి, దిగి, తనూ దిమ్మెల మధ్యలోంచి దూరి వెంట నడిచాడు. అతని అడుగుల చప్పుడు విని కూడా ఆమె వెనక్కి చూడలేదు. కొంత దూరం పోయాక మాత్రం నడక కాస్త తగ్గించింది.